ఏడు లెక్కపెట్టే మౌనం

మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి, రిహార్సల్లో రెండో అంకం చివర, ప్రాంప్టర్ నాటకంలో లేని మాట ఒకటి పలికాడు. నటుడికి మాత్రమే వినపడేలా పలకడం అతని పని. ఆ రోజు చివరి వరసలో కుర్చీలు తుడుస్తున్న వాచ్‌మన్‌కి కూడా వినపడింది. ఆ మాట, "ఉంటాను."

ప్రదర్శనకి అప్పటికి మూడు రోజులున్నాయి.

ఇంతదాకా నడిచిన కథలో ఇక్కడ కావలసింది కొంచెమే. మూతపడిన ప్రెస్సు గోడౌన్‌ని హాలుగా మార్చుకుని నాటకాలాడే బృందం ఇది. కుర్చీలు ఎనభై. రాసేదీ, ఆడించేదీ ఒకరే. అందరూ ఆయన్ని సర్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఊళ్ళో గొడవలన్నీ రాశాడు, తన గొడవ రాయలేదు. ఈ ఏడాది రాశాడు. ఇద్దరు మగవాళ్ళు, ఒక గది, వాళ్ళ మధ్య ప్రేమ. అది చదివి ఇద్దరు నటులు కాగితాలు వెనక్కిచ్చేశారు. గోడౌన్ యజమాని "ఇందులో ఆడవేషం ఒక్కటీ లేదేంటండీ?" అని అడిగి, జవాబు విని, కాఫీ చల్లార్చుకుని తాగాడు. చివరికి తాళాలిచ్చాడు. పోయిన వారం రచయిత అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "శుక్రవారం తెర పడ్డాక నేను స్టేజీ మీదికొస్తాను. ఇది నా జీవితమని చెబుతాను. నా పక్కన నిలబడాల్సిన మనిషి ఒకరున్నారు. పిలుస్తాను. రావడం, రాకపోవడం ఆయనిష్టం."

పేరు చెప్పలేదు.

రచయితా ప్రాంప్టరూ పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. హాల్లో ప్రాంప్టర్ ఆయన్ని మీరంటాడు. ఇంట్లో నువ్వంటాడు. పదకొండేళ్ళలో ఒకచోటి మాట ఇంకోచోట దొర్లలేదు. బృందంలో వాళ్ళ సంగతి తెలియనివాళ్ళు లేరు. తెలిసినట్టు మాట్లాడేది ఒక్కరే, అక్క. ఆమె ప్రాంప్టర్‌కి సొంత అక్క, బృందానికి దుస్తులు కుడుతుంది. రచయితని ఏమని పిలవాలో తేల్చుకోవడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. "వరస ప్రకారమైతే మరదలనాలి. మీసాలున్న మరదల్ని నేనెక్కడా చూడలేదు" అని, చివరికి "ఏమయ్యా" దగ్గర ఆగిపోయింది.

రచయిత ఆ ప్రకటన చేసిన సాయంత్రమే ఆమె నీలం గుడ్డ తెచ్చి మిషను మీద వేసింది.

"ఎవరికక్కా?" అన్నాడు తమ్ముడు.

"స్టేజీ ఎక్కేవాడికి. నీ పెళ్ళికి కుట్టే రాత ఎలాగూ లేదు. దీనికన్నా కుట్టనీ."

ప్రాంప్టర్ కాదనలేదు. మెడ కొలత ఇవ్వడానికి తల పైకెత్తి నిలబడ్డాడు.

*

ప్రాంప్టర్ కూర్చునేది ఎడమ వింగ్‌లో, స్టేజీ పక్క తెర చాటున, మూడు కాళ్ళ మడత స్టూలు మీద. ఒళ్ళో పుస్తకం, చెవి మీద పెన్సిలు. రచయిత రిహార్సల్లో మార్పులన్నీ నోటితోనే చెబుతాడు, తను రాసుకోడు. అవి చేరేది ప్రాంప్టర్ పుస్తకంలోకే. రెండు నెలల్లో నాటకం సగానికి సగం మారింది. నటుల దగ్గరున్న కాగితాల్లో పాత మాటలున్నాయి. నాటకం పూర్తిగా ఉన్నది ఆ ఒక్క పుస్తకంలో.

మౌనాలకి అతను అంకెలు వేస్తాడు. మూడంటే, మనసులో మూడు లెక్కపెట్టేంతసేపు. ఆ అంకె దాటేదాకా మాట అందించకూడదు. అంకె లేనిచోట నటుడు ఆగితే, మర్చిపోయాడా, కావాలని ఆగాడా అన్నది మెడని బట్టి చెబుతాడు. మర్చిపోయినవాడి మెడ వెంటనే వింగ్ వైపు కదులుతుంది. మౌనంగా ఉన్నవాడి మెడ కదలదు. పంతొమ్మిదేళ్ళ పనిలో అతను ఈ విషయంలో పొరబడలేదని బృందంలో అందరూ ఒప్పుకుంటారు.

నాటకంలో ఒకడు గదిలో ఉండేవాడు. ఆ వేషం బ్యాంకులో పనిచేసే నటుడు వేస్తున్నాడు. రెండోవాడు ఆ గదికి వచ్చిపోయేవాడు. ఆ వేషం వేస్తున్న కుర్రాడు ఒకప్పుడు పళ్ళపొడి ప్రకటనలో నవ్వాడు. అందుకే అందరూ అతన్ని పళ్ళపొడి అంటారు. వయసు ఇరవై ఆరు. భుజాలున్నాయి.

మొదటిరోజు నాటకం చదివి వినిపించినప్పుడే ప్రాంప్టర్ నిర్ణయించుకున్నాడు, ఆ రెండోవాడు తనేనని. దానికి ఆధారాలున్నాయి. నాటకంలో గది మూడో అంతస్తులో ఉంటుంది. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా తాడుతో కట్టి ఉంటుంది. రచయితతో కలిసి ప్రాంప్టర్ మొదటి నాలుగేళ్ళు ఉన్నది ఆ గదిలోనే. ఖాళీ చేసిన రోజు తాడు ముడి ఎంతకీ ఊడక అతనే కత్తితో కోశాడు. కోసిన తాడుని రచయిత పారెయ్యనివ్వలేదు. ఏడేళ్ళు పెట్టెలో దాచి, ఇప్పుడు తెచ్చి సెట్టు మీది కిటికీకి కట్టించాడు, పాత ముడి పాతగానే ఉంచి. అది చూసిన రోజు ప్రాంప్టర్ ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఈల వేశాడు.

అన్నిటికంటే పెద్ద ఆధారం ప్రశ్న. రెండో అంకం చివర గదిలోవాడు కిటికీ దగ్గర నిలబడి అడుగుతాడు: "నేనీ గది ఖాళీ చెయ్యను. నువ్వుంటావా?" పదకొండేళ్ళ కింద రచయిత ప్రాంప్టర్‌ని ఆ కిటికీ దగ్గర అడిగింది ఇదే. అక్షరం తేడా లేదు.

తేడా జవాబులో ఉంది. ప్రాంప్టర్ ఆ రోజు ప్రశ్న పూర్తవకముందే "ఉంటాను" అన్నాడు. నాటకంలో రెండోవాడు ఏమీ అనడు. నిలబడతాడు. ఏడు లెక్కపెట్టాక లైటు ఆరుతుంది.

మరికొన్ని తేడాలు కూడా ఉన్నాయి. రెండోవాడు వాచీ కుడిచేతికి పెట్టుకోవాలని రచయిత పట్టుబట్టాడు. అగ్గిపుల్ల ఎడమచేత్తో గియ్యాలన్నాడు. ప్రాంప్టర్ వాచీ ఎడమచేతికి, అతను గీసేది కుడిచేత్తో. వాటి పక్కన అతను పుస్తకం అంచులో పెన్సిలుతో రాసుకున్నాడు: "నన్ను దాచడానికి."

మౌనం పక్కన ఏమీ రాసుకోలేదు.

తన కథే అయినప్పుడు అతను సంతోషంగా ఉండాలి. ఉండలేకపోయాడు. దానికి కారణం పళ్ళపొడి. ఎడమచేత్తో అగ్గిపుల్ల గియ్యడం నేర్పడానికి రచయితకి మూడు సాయంత్రాలు పట్టింది. పళ్ళపొడి వెనక నిలబడి, మణికట్టు పట్టుకుని, "కాదు, ఇలా... ఇలా కాదు, ఇలా" అంటూ ఒక్కరోజే పదహారుసార్లు తిప్పాడు. పదహారు అన్న అంకె ప్రాంప్టర్ పుస్తకంలో ఉంది. నాటకానికి దాంతో సంబంధం లేదు. స్టూలు మీద కూర్చున్నవాడికి వింగ్ నుంచి కనిపించేది రచయిత వీపు, పళ్ళపొడి మెడ మీద చెయ్యి. నాకు పదకొండేళ్ళలో ఇంత ఓపికగా ఏం నేర్పాడు అని లెక్క వేసుకుంటే కుక్కర్ మూత పెట్టడం ఒక్కటి తేలింది.

ఇంట్లో అన్నం దగ్గర కూడా అదే ప్రసక్తి.

"ఇవాళ వాడు కిటికీ దగ్గర నిలబడ్డం చూశావా? సరిగ్గా అలాగే."

"నేను పుస్తకం చూసుకుంటున్నాను."

"ఒక్కసారైనా తలెత్తి చూడు."

"తలెత్తితే నా పనెవరు చేస్తారు? వాడు చేస్తాడా?"

అక్కతో అన్నాడు ఒకరోజు, "నాకంటే బాగా నాలా ఉన్నాడట వాడు."

అక్క నోట్లోంచి గుండుసూదులు తీసి అంది. "నీ వేషం వేసేవాడి మీద నీకు కుళ్ళేంట్రా? అద్దం చూసి అద్దంతో తగువు పెట్టుకునేవాణ్ణి నిన్నే చూశాను."

పళ్ళపొడికి ఇవేమీ తెలియవు. టీ విరామంలో ప్రతిరోజూ వచ్చి స్టూలు పక్కన నేల మీద కూర్చునేవాడు. "అన్నా, రెండో సీన్లో నా గొంతు ఎక్కువైందా?" అనేవాడు. ప్రాంప్టర్ "గొంతు బాగానే ఉంది, పళ్ళు ఎక్కువయ్యాయి" అనేవాడు. కుర్రాడు నవ్వేవాడు. ఆ నవ్వుకి కూడా అతనికి ఒళ్ళు మండేది.

*

మంగళవారం రిహార్సల్ మూడింటికి మొదలైంది. దుస్తులు కూడా వేసి నడిపిన మొదటి రోజు. లైట్ల బోర్డు హాలు వెనక, ఇనప నిచ్చెన ఎక్కితే వచ్చే చెక్క అరుగు మీద ఉంటుంది. దాని దగ్గర లైట్ల మేస్త్రి. వయసు యాభై దాటింది. బృందం మొదలైన రోజు నుంచీ ఉన్నాడు, రచయితతో సమానంగా. మాట తక్కువ. లైటు ఆర్పమంటే ఆర్పుతాడు, వెయ్యమంటే వేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క లైటు కూడా ఆలస్యం కాలేదు, రెండో అంకం చివరి లైటు తప్ప. అది నాలుగైదు రోజులుగా ఏడుకి ఆరడం లేదు. పదికో పదకొండుకో ఆరుతోంది. రచయిత రెండుసార్లు "మేస్త్రీ, ఏడు" అని గుర్తు చేశాడు. మేస్త్రి "అలాగే సర్" అన్నాడు.

నాలుగూ ఇరవైకి గదిలోవాడు ప్రశ్న అడిగాడు. పళ్ళపొడి కిటికీ వైపు తిరిగాడు. తాడు మీద చెయ్యి వేశాడు. ప్రాంప్టర్ లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. పళ్ళపొడి మెడ కదలలేదు. మూడు. నాలుగు.

అయిదు దగ్గర ప్రాంప్టర్ "ఉంటాను" అన్నాడు.

పళ్ళపొడి వింగ్ వైపు తిరిగాడు. "అన్నా, నేను మర్చిపోలేదు. అది మౌనమే కదా?"

ప్రాంప్టర్ పుస్తకం చూశాడు. పేజీలో "మౌనం" అని, పక్కన ఏడు అంకె, తన చేతిరాతే.

"కొత్త మాటేమైనా చేర్చారా సర్?" పళ్ళపొడి హాలు వైపు అడిగాడు. "చేర్చినా బాగుంది. నాకూ అక్కడ నోరు ఊరికే ఉండట్లేదు."

రచయిత మూడో వరసలోంచి లేచాడు. "టీ తాగి రండి. అందరూ" అన్నాడు.

లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

*

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది దుస్తుల గదిలో. అక్క అక్కడే ఇస్త్రీ చేస్తోంది. "నేను బయటికెళ్ళాలా?" అంది. కానీ ఆమె వెళ్ళలేదు. ఈ భాగానికి సాక్షి ఆమె.

"పంతొమ్మిదేళ్ళు" అన్నాడు రచయిత. "ఒక్కసారి కూడా మౌనంలో మాటెయ్యలేదు నువ్వు."

"ఒక్కసారి కూడా నా మాట కొట్టెయ్యలేదు నువ్వు."

హాల్లో అతను రచయితని నువ్వనడం అదే మొదటిసారి. తలుపు తీసే ఉంది.

"ఏ మాట?"

"ఆ కిటికీ దగ్గర నువ్వడిగావు. నేను ఉంటానన్నాను. నీ నోట్లోంచి ప్రశ్న సగం వచ్చేసరికే అన్నాను. వీడేమో నాటకంలో బెల్లం కొట్టిన రాయిలా నిలబడతాడు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు? నేనేదో ఆలోచించాననుకుంటారు. నేను ఆలోచించలేదు. నా మాట ఎందుకు తీసేశావు?"

"తియ్యలేదు."

"మరెక్కడుంది?"

"అది నువ్వు కాదు."

అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"ఏది నేను కాదు?"

"వాడు. రెండోవాడు నువ్వు కాదు. నువ్వలా అనుకుంటున్నావని నాకు మొన్ననే తెలిసింది. మీ అక్క చొక్కా చూపించినప్పుడు. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

ప్రాంప్టర్ కుర్చీ కోసం చూశాడు. కుర్చీ మీద బట్టలున్నాయి. నిలబడే ఉన్నాడు.

"ఆ గది మనది."

"మనదే. నీకంటే ముందు కూడా నాదే. ఇరవై నాలుగేళ్ళ కిందటి సంగతి ఇది."

"తాడు?"

"అప్పుడే కట్టింది."

"ప్రశ్న?"

"అప్పుడడిగిందే."

"మాట కూడా మార్చలేదా? నన్నడిగేటప్పుడు ఒక్క ముక్కైనా మార్చి అడగాలనిపించలేదా?"

"ఇంకోలా అడగడం నాకు రాలేదు."

"నాటకాలు రాస్తావు" అన్నాడు ప్రాంప్టర్.

అక్క చెప్పినదాని ప్రకారం రచయిత దానికి కొంచెం నవ్వబోయి మానేశాడు.

"వాడెవడు?"

"చెప్పనని మాటిచ్చాను. అతనికి ఇల్లుంది. పిల్లలున్నారు."

"బతికే ఉన్నాడన్నమాట."

"ఉన్నాడు."

"ఆ రోజు వాడేమన్నాడు?"

"ఏమీ అనలేదు. నిలబడ్డాడు. వెళ్ళిపోయాడు. నెలకి పెళ్ళైంది."

ప్రాంప్టర్ పుస్తకాన్ని చంకలోంచి చేతిలోకి తీసుకున్నాడు. "వాడు నోరు విప్పలేదు. వాడికి నాటకం రాశావు. నేను నోరు విప్పాను. నాకు స్టూలు వేశావు."

"ఒరేయ్" అంది అక్క.

"ఉండక్కా. పదకొండేళ్ళు. జ్వరమొస్తే నేను. పళ్ళు పీకించుకుంటే నేను. మీ అమ్మ పోయినప్పుడు, ఫ్రెండని చెప్పి వెనక వరసలో నిలబడింది నేను. ఒక్క సీను లేదా నాకు?"

"ఉంటానన్నవాడి మీద ఏం రాయను?" అన్నాడు రచయిత. గొంతు పెంచలేదు. "నువ్వున్నావు. పొద్దున లేస్తే ఉంటావు. ఉన్నదాని గురించి రాయాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు. అతనేమంటాడో నాకు ఇప్పటికీ తెలీదు. తెలీనిదే రాస్తాం."

"ఇరవై నాలుగేళ్ళు వాడేమంటాడా అని ఎదురుచూస్తున్నావు. అందులో పదకొండేళ్ళు నా పక్కన పడుకుని."

"ఎదురుచూడ్డం కాదు."

"మరేంటది?"

అక్క నీలం చొక్కాని ఇస్త్రీ బల్ల మీంచి తీసి, హ్యాంగర్‌కి వేసి, గోడకి తగిలించింది. దానికి ఇంకా రెండు గుండీలు కుట్టాలి.

"ఏమయ్యా" అంది. "నేను చదువుకున్నదాన్ని కాదు. ఒక్కటి చెప్పు. శుక్రవారం పిలుస్తానన్నావే, అది వీణ్ణేనా?"

"నువ్వడక్కు అక్కా, నేనడుగుతాను." ప్రాంప్టర్ రచయిత వైపు తిరిగాడు. "శుక్రవారం స్టేజీ మీదికి ఎవర్ని పిలుస్తావు?"

ప్రాంప్టర్ లెక్కపెట్టాడు. లెక్కపెట్టాలని అనుకోలేదు, అలవాటు. రచయిత మెడ కదల్లేదు. మర్చిపోయినవాడి మెడ కాదది. ఏడు దాటింది.

ప్రాంప్టర్ ఏమీ అందించలేదు.

*

అయిదింటికి అతను స్టేజీ మీద ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళు బయట టీ కొట్టు దగ్గర నిలబడి, తలుపు వైపు చూడకుండా చూస్తున్నారు. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి తాడు పట్టుకున్నాడు. ఏడేళ్ళ కింద తను కోసిన చివర ఇంకా చీలికలుగా ఉంది. ముడి వైపు చూశాడు. రెండు చుట్లు, ఒక మెలిక, మిగిలిన కొస మెలిక లోపలికి దోపి ఉంది. ఆ రోజు గంటసేపు గోళ్ళతో పీకినా ఊడనిది అందుకే.

అలాంటి ముడి అతను ఎక్కడో చూశాడు. ఎక్కడన్నది గుర్తు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తల పైకెత్తాడు. స్టేజీ మీద అడ్డంగా ఇనప గొట్టం, గొట్టానికి తొమ్మిది లైట్లు, లైట్ల వైర్లని గొట్టానికి పట్టి ఉంచుతూ బెత్తెడు తాళ్ళు. ఒక్కో తాడుకి రెండు చుట్లు, ఒక మెలిక. కొసలు లోపలికి దోపి ఉన్నాయి. అన్నీ.

నిరుడు మేస్త్రి కూతురి పెళ్ళికి బృందమంతా వెళ్ళింది. రచయిత వెళ్ళలేదు, జ్వరమన్నాడు. ప్రాంప్టర్ వెళ్ళి, ఇద్దరి తరఫునా కానుక ఇచ్చి, వడ్డనలో సాయం చేసి, భోజనం చేసి వచ్చాడు. తిరిగొచ్చేసరికి రచయితకి జ్వరం లేదు.

అతను అరుగు వైపు చూశాడు. మేస్త్రి టీకి వెళ్ళలేదు. బోర్డు పక్కన కూర్చుని సిగరెట్టు వెలిగిస్తున్నాడు. అగ్గిపుల్ల ఎడమచేతిలో ఉంది. వాచీ కుడిచేతికి ఉంది.

ప్రాంప్టర్ వింగ్‌లోకి వెళ్ళి పుస్తకం తెరిచాడు. అంచుల్లో రెండుచోట్ల "నన్ను దాచడానికి" అని ఉంది. రెంటినీ రబ్బరుతో చెరిపాడు. పదహారు అన్న అంకెని కూడా చెరిపాడు. పళ్ళపొడి టీ గ్లాసు పట్టుకుని వచ్చి "అన్నా, నీకోసం తెచ్చాను" అన్నాడు. ప్రాంప్టర్ తీసుకున్నాడు. "కూర్చో" అన్నాడు. కుర్రాడు ఆశ్చర్యపోయి కూర్చున్నాడు.

"గొంతు బాగుంది నీది" అన్నాడు ప్రాంప్టర్.

"పళ్ళో?"

"పళ్ళు కూడా."

*

అయిదూ నలభైకి రచయిత మళ్ళీ మొదలుపెట్టమన్నాడు, రెండో అంకం మధ్య నుంచి. ఆయన మూడో వరసలోనే కూర్చున్నాడు. అక్క ఈసారి దుస్తుల గదిలోంచి వచ్చి గోడ పక్కన నిలబడింది. చేతిలో సూది, దారం.

అయిదూ యాభై రెండుకి గదిలోవాడు అడిగాడు: "నేనీ గది ఖాళీ చెయ్యను. నువ్వుంటావా?"

పళ్ళపొడి తాడు మీద చెయ్యి వేశాడు. ప్రాంప్టర్ పుస్తకం చూడలేదు. అరుగు వైపు చూశాడు. అయిదు. ఆరు. ఏడు. మేస్త్రి ఎడమచెయ్యి బోర్డు హ్యాండిల్ మీద ఉంది. కదల్లేదు. పది. పన్నెండు. పళ్ళపొడి తాడు వదలకుండా నిలబడ్డాడు. పద్దెనిమిది.

"మేస్త్రీ" అన్నాడు రచయిత, వెనక్కి తిరక్కుండా. "ఏడు."

మేస్త్రి హ్యాండిల్ వదిలేసి లేచాడు. రిహార్సల్ నడుస్తుండగా ఆయన నిచ్చెన దిగడం ఎవరూ చూడలేదు ఇంతకుముందు. దిగాడు. నడవలోంచి వచ్చి మూడో వరస దగ్గర ఆగాడు.

"ఏడు కాదు" అన్నాడు. "అంత తొందరగా కాలేదది. నువ్వు అడిగాక చాలాసేపు నిలబడ్డాను నేను."

నువ్వన్నాడు. హాల్లో ఏడుగురున్నారు. అందరూ విన్నారు. బ్యాంకు నటుడు ఒకసారి మేస్త్రిని, ఒకసారి రచయితని చూసి, స్టేజీ మీదున్న మంచం మీద కూర్చున్నాడు.

రచయిత లేచి నిలబడ్డాడు. "నువ్వు దిగి రావాల్సిన పనిలేదు. నేను ఎవరికీ..."

"తెలుసు. చెప్పవని తెలుసు." మేస్త్రి ముందుకు నడిచాడు. స్టేజీ పక్క మెట్లెక్కి, ఎడమ వింగ్‌లోకి వచ్చి, స్టూలు ముందు నిలబడ్డాడు. ప్రాంప్టర్ లేవలేదు.

"మా అమ్మాయి పెళ్ళిలో నాకు అన్నం వడ్డించావు నువ్వు" అన్నాడు మేస్త్రి. "నేను తినలేదని నువ్వొక్కడివే చూశావు."

"చూశాను."

"ఆ పేజీ తియ్యి."

"ఏ పేజీ?"

"నీకు తెలుసు."

ప్రాంప్టర్ తెరిచి ఇచ్చాడు. మేస్త్రి అతని చెవి మీంచి పెన్సిలు తీసుకున్నాడు. పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఎడమచేత్తో, "మౌనం" అన్న మాట కింద రాశాడు. ఎంతసేపు రాశాడన్న దాంట్లో సాక్షులు ఏకాభిప్రాయంతో లేరు. రాసింది ఒక్క వరస అన్నంతవరకూ పళ్ళపొడి చూశాడు. చదవడానికి వీలు కాలేదు, చెయ్యి అడ్డమొచ్చింది.

మేస్త్రి పుస్తకం తిరిగి ఇచ్చాడు. పెన్సిలు కూడా ఇచ్చాడు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి, నిచ్చెన ఎక్కి, హ్యాండిల్ దించాడు. స్టేజీ మీద లైటు ఆరింది. హాలు లైటు వాచ్‌మన్ వేశాడు.

ప్రాంప్టర్ ఆ వరస చదివాడు. ఒకసారి చదివి పుస్తకం మూశాడు.

రచయిత వింగ్ కిందిదాకా వచ్చాడు. మెట్లెక్కలేదు. "ఏం రాశాడు?" అన్నాడు.

ప్రాంప్టర్ స్టూలు మడిచి గోడకి ఆనించాడు.

"ఏం రాశాడో చెప్పు."

"శుక్రవారం ఎవర్ని పిలుస్తారో మీరు చెప్పండి సర్" అన్నాడు ప్రాంప్టర్. "ఇది అప్పుడు చెబుతాను."

మీరన్నాడు. అక్క "ఒరేయ్, చొక్కా" అంది. అతను చొక్కా వైపు చూడలేదు. సంచి భుజానికి తగిలించుకుని, పుస్తకం అందులో పెట్టుకుని, ముందు తలుపులోంచి బయటికి నడిచాడు. అప్పుడు టైము ఆరూ అయిదు. వాచ్‌మన్ రిజిస్టర్లో అదే ఉంది.

ఆ నాటకానికి పూర్తి ప్రతి ఆ పుస్తకం ఒక్కటే. బుధవారం పొద్దున పదింటికి రిహార్సల్ మొదలవ్వాలి. పదింటికి అందరూ వచ్చారు, మేస్త్రితో సహా. ఎడమ వింగ్‌లో స్టూలు మడిచినట్టే ఉంది.